కిక్ కనబడని బండి

పొద్దున మా ఫలక్‌నుమా గల్లీలో పక్కింటి ఇమ్రాన్ తన కొత్త బండి చూపించాడు. "నేకెడ్ బైక్ అక్కా! పైన ప్లాస్టిక్ గిట్ల ఏం లేదు, ఇంజన్ మొత్తం కనబడ్తది" అన్నాడు. నవ్వొచ్చింది. మన చిన్నప్పుడు బట్టలు తొడుక్కున్న బండి ఎక్కడుందో చెప్పండి!

మా బాపుకు రెండు సైలెన్సర్ల బండి ఉండేది. ఆదివారం వస్తే కిరోసిన్ గుడ్డతో దాని ఇంజన్ రెక్కలు తుడిచేవాడు. ఆ వాసన, ఆ నీలి పొగ! అన్నిటికన్నా గొప్పది దాని ఎడమ పక్క రాడ్. లోపలికి నొక్కి పైకి లేపితే కిక్. బండి స్టార్టయ్యాక ముందుకు తిప్పితే అదే గేర్. ఒక్క ఇనుప ముక్కతో రెండు పనులు చేయించిన ఆ ఇంజనీరుకు దండం పెట్టాలి.

ఒకరోజు బాపు తాళం బండికే మరిచి ఛాయ్‌కి పోయాడు. వచ్చేసరికి బండి లేదు. బాపూ నేనూ వెతుక్కుంటూ రైల్వే స్టేషన్ దాకా పోయాం. అక్కడ ఒకడు చెమటలు కక్కుతూ మా బండినే తోస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగి, "భాయ్, ఇస్కా కిక్ కిధర్ హై?" అని, కిక్ ఎక్కడుందో బాపునే అడిగాడు!

బాపు వాణ్ని కొడతాడనుకున్నాను. బాపు రాడ్ లేపి ఒక్క తన్ను తన్నాడు. బండి డుగడుగుమంది. వాడు నోరు తెరిచి, "క్యా బనాయే భాయ్!" అని బండి తయారీని మెచ్చుకున్నాడు.

"మరేమనుకున్నవ్!" అని బాపు మురిసిపోయి, నన్ను ఎక్కించుకుని బయల్దేరాడు.

మా గల్లీ మలుపులో సడెన్‌గా బ్రేకేశాడు.

"అరే, వాడు దొంగ గదా బిడ్డా!"