పేర్రాజు గారి ఆకలి

2008 వేసవిలో నేను రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, షుగరు వ్యాధి విభాగంలో సీనియర్ ఫిజీషియన్‌గా చేరాను. అప్పటికి ఒక కొత్త ఇంజెక్షన్ వచ్చింది. అన్నం తినగానే పేగుల్లో ఒక హార్మోను పుట్టి, ఇక చాలని మెదడుకు కబురు పంపుతుంది. ఈ మందు ఆ కబురును తినకముందే పంపుతుంది. షుగరు కోసం ఇచ్చినా బరువు కూడా తగ్గేది. మొదట్లో కొందరికి వికారం ఉండేది.

దాన్ని నేను మొదట రాసింది పాలకొల్లులో పెళ్ళి వంటలు చేసే మేస్త్రి పేర్రాజు గారికి. నూట పద్దెనిమిది కిలోల మనిషి. నెల తిరక్కుండానే నాలుగు కిలోలు తగ్గి, సంబరంగా వచ్చారు.

“గారె చూసినా గోడ చూసినా ఒకటేనండి నాకిప్పుడు,” అన్నారు.

నేను కేస్ షీటులో ‘ఆకలి తగ్గింది’ అని రాసుకున్నాను. ఆదివారం తాను వండే పెళ్ళికి రావాల్సిందేనని పట్టుబట్టారు.

మొదటి బంతిలోనే కూర్చున్నాను. పప్పులో ఉప్పు లేదు. ఆ లోటు కూడా పులిహోరలో తీర్చేశారు. పెళ్ళికొడుకు మేనమామ విస్తరి ముందు నుంచి లేచి, ఇది కావాలని చేసిన అవమానమనీ, తమవాళ్ళంతా బస్సెక్కాలనీ కేకలేశారు. పెళ్ళికూతురి తండ్రి పరుగున వచ్చి ఆయన్ని బతిమాలారు. మేస్త్రిని పిలిపించారు.

“ఉప్పు చూడలేదా పేర్రాజు గారూ?”

“ఎలా చూడనండి? గరిటె నోటిదాకా తెస్తే కడుపులో తిప్పేస్తోంది. అంతా కంటి అంచనా మీదే వండేశానండి.” అని బంతిలో నన్ను చూపించారు. “నా ఆకలి పట్టుకెళ్ళింది ఆ డాక్టరు గారేనండి!”

బంతి మొత్తం నావైపు తిరిగింది. తల దించుకుందామంటే కింద ఆ పప్పే ఉంది.

“అయితే ఆయన్నే వంటశాలలోకి పంపండి,” అన్నారు మేనమామ గారు.

నడుముకు తువ్వాలు చుట్టుకుని పదకొండు గుండిగలు రుచి చూశాను. నేను చెప్పడం, పేర్రాజు గారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని దిద్దడం. పప్పుకు “ఉప్పు, రెండు గుప్పెళ్ళు, ఒక్కసారే” అని మందులచీటీ ధోరణిలోనే చెప్పాను. పులిహోరలో చప్పటి అన్నం కలిపించాను. రెండో బంతిలో మేనమామ గారు పులిహోర మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. బస్సు కదల్లేదు.

మర్నాడు మోతాదు తగ్గించాను. వికారం పోయేవరకు ఉప్పు చూసే పని ఆయన భార్యకు అప్పగించాం. బరువు కాస్త నెమ్మదిగానే అయినా తగ్గింది.

ఆకలి తగ్గించే మందు రాసే ముందు, ఆ ఆకలితో రోగికి ఏం పని ఉందో అడగాలి. ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ అడిగాకే రాశాను.