పద్నాలుగో నంబరు క్యాసెట్టు

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తూ ముప్పై ఒక్క ఏళ్లు గడిపిన మనిషికి మానవజాతి రెండే తెగలుగా కనిపిస్తుంది: టికెట్ లేకుండా దొరికినవాళ్లు, ఇంకా దొరకనివాళ్లు. అందుకే ఆయన్ను ఇంటా బయటా అందరూ చెకింగు గారనే పిలిచేవారు. కన్నతల్లి కూడా చివరి రోజుల్లో అలాగే పిలిచిందంటారు. సాక్ష్యం లేదు కనుక ఆయన నమ్మరు.

ఈ భూమ్మీద ఆయన శంకించని వస్తువులు ముప్పై రెండు క్యాసెట్లు మాత్రమే. అవి బీరువా పై అరలో, బూట్లు వచ్చిన అట్టపెట్టెలో, నంబర్ల వరుసన కొలువై ఉంటాయి. పంతొమ్మిదేళ్ల వయసులో ఎవరెవరినో బతిమాలి తెచ్చిన రాక్ రికార్డులను ముందుగదిలో తిప్పి, స్పీకరు ముందు టేప్ రికార్డరు పెట్టి, ఇంటిల్లిపాదినీ నోరు మూయించి ఎక్కించినవి. నోరు మూయించానన్నది ఆయన వాదన. ఆరో నంబరులో పళ్లెం కిందపడిన మోత ఉంది. తొమ్మిదిలో తండ్రిగారి తుమ్ము ఉంది. ఆ తుమ్ము తాళం తప్పకుండా పడిందని చెకింగు గారు నేటికీ గర్విస్తారు.

పద్నాలుగోది, అట్ట మీద మండుతున్న కుర్చీ బొమ్మ ఉన్న ఆల్బమ్. దాని తర్వాత ప్రపంచంలో సంగీతమన్నది పుట్టలేదని ఆయన తీర్పు. అందులో నాలుగో పాటలో గిటారు ఏడు నిమిషాలు గుక్కపట్టి ఏడ్చి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. నాలుగు క్షణాల నిశ్శబ్దం. ఆపైన డ్రమ్ములు మీద పడతాయి. ఆ నాలుగు క్షణాల్లో చెకింగు గారు బల్ల మీద పిడికిలితో గుద్దుతూ, "ఒకటి! రెండు! మూడు! నాలుగు!" అని అరిచేవారు. ఎన్నిసార్లు విన్నా అరిచేవారు. పెళ్లయిన కొత్తలో భార్య గుండె ఝల్లుమనేది. పోనుపోను, పొయ్యి మీద పాలకు మంట తగ్గించడానికి దాన్ని గుర్తుగా వాడుకుంది.

టేప్ రికార్డరు మూలపడి పన్నెండేళ్లయింది. ఆయన రిటైరైన నెలలో, ఒక సోమవారం, అక్క మొగుడు ఫోన్ చేశాడు. ఈ బావగారిది కళ్లజోళ్ల దుకాణం. బోర్డు మీద అద్దాలు పెట్టుకున్న గుడ్లగూబ బొమ్మ ఉంటుంది కాబట్టి చదువురానివాళ్లు కూడా దారి తప్పరు.

"పాత టేప్ రికార్డరొకటి బాగుచేయించానోయ్. ఆదివారం మీ అక్కా నేనూ తెస్తాం. పద్నాలుగోది తీసి పెట్టు."

శనివారం పొద్దున చెకింగు గారు పెట్టె దించారు. పదమూడు ఉంది. పదిహేను ఉంది. మధ్యలో వేలు దూరేంత సందు ఉంది.

విచారణ వంటింట్లో మొదలైంది.

"ఆ అరుపుల డబ్బా నాకెందుకండీ? ఇంట్లో మీరు చాలరూ?" అంది భార్య.

ఆమెను నిర్దోషిగా కాకపోయినా ప్రస్తుతానికి వదిలేశారు. ఈ వారంలో గడప దాటి వచ్చింది అక్కా బావలే. బుధవారంనాడు బావ చేతులు కడుక్కుంటానని లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. పైగా పాత చరిత్ర ఉంది: అక్కతో పెళ్లయిన కొత్తలో ఇదే క్యాసెట్టు రెండు రోజులకని పట్టుకెళ్లి, పదకొండు రోజులు ఆలస్యంగా తిరిగిచ్చాడు.

"తీసినవాళ్లే తీసి పెట్టమంటారా?" అంది భార్య.

"టికెట్ లేనివాడే ముందుగా 'రండి సార్, చూసుకోండి' అంటాడు."

"అన్నయ్యగారిని దొంగంటే వదిన మళ్లీ మన గుమ్మం తొక్కుతుందా? మీకున్నది ఒక్క అక్క. క్యాసెట్టు కావాలో, అక్క కావాలో తేల్చుకోండి."

చెకింగు గారు తేల్చుకోలేదు. రాత్రంతా అటూ ఇటూ దొర్లి, ఉదయానికి ధర్మం వైపు మొగ్గారు.

ఆదివారం బావ భుజాన బ్యాగుతో వచ్చి, టేప్ రికార్డరును పసిబిడ్డలా బల్ల మీద పడుకోబెట్టాడు. వెనకే అక్క వచ్చి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏదోయ్, పద్నాలుగోది?"

"అది నువ్వే చెప్పాలి బావా. ఆ బ్యాగు ఇలా తెరువు."

"బ్యాగా?"

"జేబులు కూడా."

భార్య కళ్లు మూసుకుంది. బావ నవ్వాలో లేవాలో తెలియక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత బ్యాగు తిరగేశాడు. స్క్రూడ్రైవరు, జేబురుమాలు, దగ్గు బిళ్లలు పడ్డాయి.

"చొక్కా జేబు," అన్నారు చెకింగు గారు.

"ఆగరా!" అక్క లేచి నిలబడింది. "ఆయన్ని సోదా చేస్తావురా? నేనే తీశాను." చేతిసంచీలోంచి క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వా? నీకు రాక్ అంటేనే గిట్టదు కదక్కా!"

"అందులో నేనున్నానురా. నువ్వు లేనప్పుడు ఒకసారి విన్నాను. ఇది పెట్టొద్దు, నీకు దణ్ణం పెడతాను."

బావ అప్పటికే క్యాసెట్టు లోపల పెట్టి ముందుకు తిప్పుతున్నాడు. గిటారు ఏడుపు చివరికొచ్చింది. చెకింగు గారి పిడికిలి అలవాటుగా లేచింది. బావ చటుక్కున ఆయన నోరు మూశాడు.

"ఈ ఒక్కసారికి లెక్కపెట్టకు."

గిటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో, దూరంగా వంటింట్లోంచి, పెళ్లి కాని అక్క గొంతు ఖంగుమంది: "అమ్మా, నేను చచ్చినా ఆ గుడ్లగూబని చేసుకోను!"

డ్రమ్ములు మీద పడ్డాయి.

అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బావ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్నాడు.

"మీకు తెలుసా?" అంది కొంగు చాటునుంచి.

"ముప్పై ఎనిమిదేళ్లుగా. అప్పుడే దుకాణం పెడుతున్నాను కదా, బోర్డు మీద ఏం బొమ్మ వేయాలో పెయింటరుకి తోచలేదు. ఇది వినిపించాను. అందుకే మీ తమ్ముడికి పదకొండు రోజులు ఆలస్యమైంది."

"మరి ఒక్కనాడైనా నోరెత్తలేదే?"

"ఎత్తితే బోర్డు మార్పించేదానివి."

చెకింగు గారు ఒకరి మొహం నుంచి ఇంకొకరి మొహంలోకి చూశారు. వేలసార్లు విన్న పాట. డ్రమ్ములవాడి బూటు కిర్రుమన్నది ఏ చరణంలోనో కూడా తెలుసు.

"నాకు ఒక్కసారీ వినపడలేదే!"

"నువ్వు విననిస్తేగా? నీ అరుపే ఇన్నాళ్లూ నా పరువు కాపాడింది," అంది అక్క.

"బావా," అన్నారు చెకింగు గారు. క్షమాపణకు అంతకంటే పొడవైన మాట ఆయన దగ్గర లేదు. బావ తిరగేసిన సామానును తానే ఒక్కొక్కటిగా బ్యాగులో సర్దారు. దగ్గు బిళ్లల మీద తేదీ చూసి మరీ సర్దారు.

"నేను సరిగా వినలేదు, మళ్లీ పెట్టండి అన్నయ్యగారూ," అంది భార్య.

మళ్లీ గిటారు ఏడ్చింది, ఆగింది. చెకింగు గారు పెదవులు బిగించి, చెవి రిక్కించి కూర్చున్నారు. కానీ ఆ నాలుగు క్షణాలూ ఆయనకు ఈసారి కూడా దక్కలేదు. అక్క బల్ల మీద పిడికిలి గుద్దుతూ, ఇల్లదిరేలా అరిచింది: "ఒకటి! రెండు! మూడు! నాలుగు!"

భార్య లేచి పాల కింద మంట తగ్గించడానికి వెళ్లింది.