పసుపు కావలి

మా అపార్టుమెంటు సంఘం డాబాకు తాళం వేసింది. వడియాలు పెట్టుకునే హక్కు పోయినందుకు నాకంత బాధ లేదు. వడియాలు నాకు పడవు. కానీ నిజామాబాద్ ఎండల్లో కరెంటు పోయినప్పుడు చాప పట్టుకుని పైకి పోవడం ఇక కుదరదు. ఎందుకని అడిగితే కార్యదర్శి, "ఇల్లు పెట్టుకుని బయట పండుడేంది సార్, సూసేటోళ్లు ఏమనుకుంటరు?" అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు. కమ్మర్‌పల్లిలో మా చిన్నాయన వెనకాల ఊరంతా అన్నదే.

చిన్నాయన మిలిటరీలో చేసి వచ్చాడు. ఇల్లు లేనివాడు కాదు. మూడు గదుల స్లాబు ఇల్లు ఆయన పేరు మీదే ఉంది. అందులో ఆయన తప్ప అందరం పడుకునేవాళ్లం. ఎక్కడో మంచు కొండల్లో బంకరు కప్పు కూలి, పక్కన నిద్రపోతున్నవాళ్లు ఇక లేవలేదట. "గప్పుడే నేను ఒంటికని బయటికొచ్చిన కొడుకా" అని నాతో ఒక్కసారే చెప్పాడు, గోడవైపు చూస్తూ. నిజామాబాద్ డాక్టరు ఇది మనసుకు తగిలిన దెబ్బ అని మాత్రలిచ్చాడు. చుట్టాలు మాత్రం మిలిటరీ మందు ఎక్కువైందన్నారు. ఆయన తాగడు. ఆయన కోటా సీసాలు ఏ ఇళ్లకు చేరేవో ఆ ఇళ్లలోనే ఈ అభిప్రాయం బలంగా ఉండేది.

పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసే రోజులు మాత్రం వేరు. ఆరబోసిన పసుపుకు ఇంటికొకరు కావలి పడుకోవాలి, అది ఊరి ఆనవాయితీ. చిన్నాయన కంబళి పరుచుకుని కల్లంలోనే ఉండేవాడు. చిన్నమ్మ మక్క గటక, పచ్చిపులుసు తెచ్చి పక్కనే కూర్చునేది. "నీ గటక కంటె మా పల్టను రొట్టె మెత్తగుంటుండె" అని ఆయన, "అయితె గాడికే పో" అని ఆమె. ఆయన నవ్వడం నేను విన్నది అక్కడే. అలా అన్నా, నిజంగానే పోతాడని ఆమె భయం. పసుపు ఉన్నన్నాళ్లు బయట పడుకున్నవాడు కావలిదారు. సంచులకెత్తిన మర్నాటి నుంచి అదే మనిషి పిచ్చోడు. ఆ మాట చిన్నమ్మ చెవిన పడకుండా ఆయన సంచి భుజానికేసుకుని నిజామాబాద్ బస్టాండుకు వెళ్లిపోయేవాడు. అక్కడ ప్రహరీ పక్కన, రేకుల కిందికి కూడా రాకుండా, మళ్లీ పసుపు తవ్వేదాకా ఉండేవాడు. బస్టాండులో పడుకున్నవాణ్ని ఎవరూ ఏమీ అడగరు, బస్సు రాలేదనుకుంటారు.

అందుకే మా పసుపు అంత తొందరగా ఎండేది కాదు. ఊరందరిదీ మార్కెట్టుకు పోయినా, మాది "ఇంక పచ్చిగనే ఉన్నది" అనేది చిన్నమ్మ. ఒక ఏడు అకాల వాన పడితే మా బాపు తల పట్టుకున్నాడు. ఆమె పసుపు మీద కప్పే పరదా తేవడానికి చాలా తీరిగ్గా నడిచింది. వానకు సంతోషించిన పసుపు రైతును నేను ఆమెనొక్కదాన్నే చూశాను. "మళ్ల ఎండబెట్టాలె గద బావా" అంది. "నీ మొగని కోసం సూర్యుణ్ని గూడ ఆపెటట్టున్నవ్" అన్నాడు బాపు, కానీ ఊరుకున్నాడు. ఆ ఏడు ఉగాది పచ్చడి చిన్నాయన మా ఇంట్లోనే తాగాడు.

ఏటా ఆయన్ను పిలుచుకు రావడం నా పని. ఈసారి ఆ ప్రహరీ పక్కన ఎవరూ లేరు. టీ కొట్టాయన, "మిలిటరీ సాబా? చలికాలంలనే లేచి పోయిండు. ఎటని చెప్పలే" అన్నాడు. రైల్వే స్టేషను, నవీపేట్, బోధన్ బస్టాండు తిరిగాను. బయట పడుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారని అప్పుడే చూశాను. ప్రతి దుప్పటీ కొంచెం ఎత్తి చూడాలనిపించేది. ఒకాయనది ఎత్తాను కూడా. తిట్టాడు, న్యాయమే.

మొన్న ఊరికి వెళ్లాను. కల్లాలన్నీ ఊడ్చినట్టున్నాయి, మాదొక్కటే పసుప్పచ్చగా పరిచి ఉంది. ఓ పక్కన కంబళి, అంచుకు అంచు కలిపి, అచ్చం ఆయన మడిచినట్టే మడిచి ఉంది. కాలం గడిచిందని నాకు క్యాలెండరు చెబుతుంది. ఆమెకు పసుపే చెప్పాలి, దాన్ని ఆమె చెప్పనివ్వదు. ఒక కొమ్ము తీసి విరిచాను. టక్కుమంది.

"చిన్నమ్మా, ఇది ఎప్పుడో ఎండిపోయింది. సంచులకెత్తుదాం" అన్నాను.

"ఎండింది, నాకెర్క లేదా? కావలి పండెటోడు రానీ."