శిక్ష వాయిదా పడిన ఏడాది

ఎర్రగుంట్ల నుంచి లారీలో నాపరాళ్ల లోడుతో రాజంపేట వైపు వెళ్తున్నాను. ఉదయం తొమ్మిది కూడా కాలేదు, అప్పటికే తాగి ఉన్నాను. రోడ్డు దాటుతున్న గొర్రెల మంద కనిపించింది గానీ బ్రేకు మీదికి కాలు ఆలస్యంగా వెళ్లింది. నాలుగు గొర్రెలు చచ్చిపోయాయి. వాటిని తోలుతున్న ముసలాయన పక్కకు దూకి బతికాడు. నన్ను తిట్టలేదు, గొర్రెల పక్కన అలాగే కూర్చుండిపోయాడు. పోలీసులు గొట్టం ఊదించారు. తాగి నడుపుతూ పట్టుబడడం నాకది రెండోసారి.

జైలు ఖాయమనుకున్నాను. చెప్పుకునేది ఏమైనా ఉందా అని మేజిస్ట్రేటు అడిగారు. వెనక బెంచీ మీద నుంచి నా భార్య లేచింది. లాయరు కూర్చోమన్నా వినలేదు.

"జైల్లో ఉన్నన్ని దినాలు తాగడు సార్. బయటికొచ్చిన దినమే మల్లా తాగుతాడు. ఈయనకు వైద్యం చేపియ్యండి," అంది.

మేజిస్ట్రేటు కాగితాలు తిరగేశారు. లైసెన్సు ఏడాది పాటు నిలిపేశారు. జైలు శిక్ష మాత్రం వేయకుండా బాండు రాయించుకుని, ప్రభుత్వాసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డుకు పంపారు. ఏడాదంతా నెలనెలా డాక్టరు ఇచ్చిన కాగితం తెచ్చి కోర్టులో చూపాలి. తప్పితే జైలే.

బతికిపోయాననుకున్నాను. మూడో రోజుకు జైలే నయమనిపించింది. చేతులు వణికి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాను. గోడ మీద చీమల బారులు కనిపించేవి, అవి లేవని నర్సు చెప్పినా నమ్మలేదు. వారం దాటాక అన్నం రుచి తెలిసింది. పొద్దున్నే ఎందుకు తాగుతావని డాక్టరమ్మ అడిగితే, స్టీరింగు పట్టుకునేటప్పుడు చెయ్యి వణక్కుండా ఉండడానికని చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి నేనే వినడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చిన మూడో నెలలో ఒక పెళ్లిలో తాగాను. దాచుదామనుకున్నాను. నా భార్య నన్ను ఆసుపత్రికి బస్సెక్కించింది. భయపడుతూనే డాక్టరమ్మకు నిజం చెప్పాను.

"తాగినావు, సరే. నీ అంతట నువ్వే వచ్చి చెప్పినావు గదప్పా. ఈడ నుంచే మల్లా మొదలుపెడదాం," అంది.

కాగితంలో ఉన్నదున్నట్టు రాసింది. మేజిస్ట్రేటు చదివి, వైద్యం కొనసాగించమన్నారు.

ఆ ఏడాది రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కూలికి వెళ్లాను. లైసెన్సు చేతికొచ్చినా పాత ఓనరు లారీ ఇవ్వనన్నాడు, ఆయన్ను తప్పుపట్టను. ఇంకొకాయన ట్రాక్టరు ఇచ్చాడు. ఇప్పుడు దాని మీదే ఉన్నాను.

నేను గడప దాటి లోపలికి రాగానే దగ్గరికొచ్చి వాసన చూడడం నా భార్యకు అలవాటు. ఈ మధ్య రావడం లేదని ఒకరోజు గమనించి, ఎప్పుడు మానేశావని అడిగాను.

"గుర్తు చెయ్యబాకు, మల్లా మొదలుపెడ్తా," అని నవ్వుతూ అన్నం వడ్డించింది.