రంగు కాదని తెలిసేసరికి

ఆ చలికాలం పొద్దున నూర్ నా చేతిలోంచి తన చేయి లాగేసుకుంది. నూర్‌కు పుట్టుకతోనే చూపు లేదు. బాన్సువాడలో ప్రత్యేక అవసరాల పిల్లలు వచ్చే బడిలో చదువుతుంది. చెక్క మీద తాడు అతికించి చేసిన బొమ్మ వెంట నూర్ వేళ్లను నా వేళ్లతో పట్టుకుని నడిపిస్తున్నాను.

"ఇడువు గంగవ్వా! నీ వేళ్లు ఐసు లెక్కున్నయ్. పీనుగు చేతులా ఏంది?" అంది.

పిల్లలంతా నవ్వారు, నేనూ నవ్వాను. చూసుకుంటే వేళ్ల కొసలు నీలంగా ఉన్నాయి. నీలం చూసి నాకు ఫికర్ ఎందుకుంటుంది? తెల్లారితే నీలం రంగు బకెట్లో చేతులు పెట్టేది నేనే కదా.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే రాసేవాళ్లు దొరికారు కాబట్టి నా పని సంగతి ముందు చెబుతాను. నా పెనిమిటి దుకాణాల బోర్డులకు పేర్లు రాసేవాడు. గుండె ఆగి పోయాడు. ఆయన వదిలిపోయిన రంగు డబ్బాలు పట్టుకుని ఆ బడికి పోయాను. చూపు లేని పిల్లలకు రంగుతో పనేముంది అన్నారు. నేను జనపతాడును రంగులో ముంచి, ఆరబెట్టి, చెక్కల మీద బొమ్మలుగా అతికించాను. నూర్ తడిమి, నిజాంసాగర్ కాలువ ఎక్కడ వంగిందో చెప్పేది. చెవులు వినబడని పిల్లలు రంగు చూసి నీళ్లేవో వరి ఏదో చేతులతో చూపించేవారు. అందరూ ఒకే చెక్క చుట్టూ కూర్చునేవారు.

జీతం లేకపోయినా ఏళ్లుగా అదే నా బతుకు. బడి నడిపే సార్ ఒకసారి నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పి, 'కమ్యూనిటీ ఆర్టిస్ట్' అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ మాటకు అర్థం మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ చలికాలం వేళ్ల నీలం పోవడం లేదని కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. ఇటుక ముక్కతో గీకాను. రంగు పని చేసేవాళ్లం అట్లాగే చేస్తాం. పొయ్యి ముందు కూర్చుంటే మాత్రం నీలం పోయి వేళ్లు ఎర్రబడి మండేవి. వేడికి రంగు కరుగుతోంది అనుకున్నాను. గీకిన చోట పుండు పడింది. అది మానలేదు.

మా మరిది పోశెట్టిని వెంటబెట్టుకుని దవాఖానకు పోయాను. చిన్న వయసు డాక్టర్ నా చేతులు చూసి, "బీడీలు చేస్తవా అమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మరిది అందుకున్నాడు.

"గవన్నీ లేవు సార్. ఏం పని లేదు, ఇంటి పట్టునే ఉంటది. బుద్ధి పుడితే గా గుడ్డి పిల్లలతోని బొమ్మలాట ఆడుతది."

"నీళ్లల్ల చేతులు నానితే గిట్లనే అయితది. ఫంగల్ ఇన్ఫెక్షన్," అని డాక్టర్ ట్యూబ్ రాశాడు. మగవాళ్లు మాట్లాడుతుంటే నడుమ దూరకూడదని పెరిగినదాన్ని. ఊరుకున్నాను. ఇంటికొచ్చి ట్యూబ్ పూసుకుని, మళ్లీ అదే చన్నీళ్ల బకెట్లో చేతులు పెట్టాను.

చలి ముదిరేసరికి కుడిచేతి చూపుడు వేలి కొస నల్లబడి ఎండు మిరపకాయలా ముడుచుకుంది. పక్క వేలిదీ అదే దారి. నిజామాబాద్‌లో వేళ్లకు రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ తీసి, "లేట్ చెయ్యకుండ్రి, హైదరాబాద్ తీస్కపోండ్రి" అన్నారు.

హైదరాబాద్‌లో నా వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెడితే మిషన్ ఏమీ చూపించలేదు. సిస్టర్ క్లిప్ తీసి చెవికి పెట్టింది. కీళ్ల జబ్బులు, ఇట్లాంటి జబ్బులు చూసే రుమటాలజీ డాక్టరమ్మ వచ్చి, ఏం పని చేస్తావని అడిగింది. పోశెట్టి, "ఏం లేదు మేడం..." అని మొదలుపెట్టాడు.

"మీరు ఆగండి. చేతులు ఆమెవి," అంది.

తాడు, రంగు, చన్నీళ్లు, కిరసనాయిలు, పొయ్యి, అన్నీ చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర నన్ను ఆపింది.

"వేడికి నీలం పోయిందా? రంగైతే వేడికి ఎందుకు పోతుందమ్మా? చలికి నీ వేళ్లలో రక్తనాళాలు మూసుకుపోతున్నాయి. దీన్ని రేనాడ్స్ అంటారు."

రక్తం తీసి చేసిన ఏఎన్ఏ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. ఛాతీకి హెచ్ఆర్‌సీటీ స్కాన్ తీసి ఊపిరితిత్తులు ఇంకా బాగున్నాయన్నారు. రేనాడ్స్ వెనక ఉన్నది చర్మం బిగుసుకుపోయే జబ్బు, దాని పేరు స్క్లెరోడెర్మా అన్నారు. "పూర్తిగా పోదు, కంట్రోల్‌లో పెట్టుకోవాలి" అంది డాక్టరమ్మ. ముందే వస్తే వేళ్లు దక్కేవా అని అడిగాను. "దక్కేవేమో" అంది.

రెండు వేళ్ల కొసలు తీసేశారు. రక్తనాళాలు తెరుచుకోవడానికి ఇచ్చిన నిఫెడిపిన్ వేసుకుంటే కాళ్లు వాచాయి, మందు మార్చారు. మిగిలిన వేళ్లు పూర్తిగా ముడుచుకోవు, పూర్తిగా చాపుకోవు. నోరు కూడా బిగుసుకుంది. పెద్ద ముద్ద పట్టదు.

కట్లు విప్పాక బడికి పోయాను. సార్ నన్ను వరండాలోనే నిలబెట్టాడు.

"రెస్ట్ తీస్కో గంగవ్వా. నీ చేతులు చూస్తే పిల్లలు భయపడతరు."

"ఏ పిల్లలు సారూ? నూరా?" అన్నాను.

ఆయన ఫోన్ చూసుకున్నాడు. ఆయన వెనక గోడ మీద, నా చేతికి కూడా అందనంత ఎత్తున, నా చెక్కలు వేలాడుతున్నాయి. ఒక్కోదానికి అద్దం బిగించారు.

"అద్దం ఎందుకు పెట్టిండ్రు సారూ?"

"దుమ్ము పడకుండ. విజిటర్లు వస్తరు గద."

గదిలో నూర్ ముందు అచ్చు వేసిన కాగితం, చేతిలో రంగు పెన్సిల్ ఉన్నాయి. టీచర్ "పచ్చ" అంటే అది పచ్చ పెన్సిల్‌తో రుద్దుతోంది. ఎక్కడ రుద్దుతోందో దానికి తెలియదు. నేను గుమ్మంలో నిలబడ్డానని కూడా తెలియదు. పిలవలేదు. పిలిస్తే ఏడుస్తానని భయపడ్డాను.

ఇప్పుడు ఆదివారాలు నూర్ తల్లి రజియా పిల్లను మా ఇంటికి తీసుకొస్తుంది. రజియా గ్లౌజులు వేసుకుని గోరువెచ్చని నీళ్లలో తాడు ముంచుతుంది.

"అక్కా, నీలం ఎక్కువైందా?"

"బకెట్ల తక్కువైంది, నీ దుపట్టాకు ఎక్కువైంది."

"అరె, నవ్వకు అక్కా. మా ఆయన నన్ను కూడా గోడకు వేలాడదీస్తడు!"

నవ్వుతాం. కాని నూర్ వేళ్లను నేను పట్టుకోలేను. "ఎడమకు, ఇంక కిందికి" అని నోటితో చెబుతాను. అది దారి తప్పుతుంది, విసుక్కుంటుంది, ఒక్కోసారి చెక్కను తోసేస్తుంది. చేతితో చేతికి చెప్పిన చదువు నోటికి రాదు. నెల నెలా హైదరాబాద్‌కు మాత్రం ఒక్కదాన్నే పోతున్నాను, పోశెట్టిని పిలవడం లేదు.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఏం పని చేస్తావని డాక్టర్ అడిగితే వెంట వచ్చినవాళ్లను జవాబు చెప్పనివ్వకండి. జీతం లేని పనైనా, ఇంట్లోవాళ్లు నవ్వే పనైనా, దేంట్లో చేతులు పెడతారో, ఎంతసేపు పెడతారో మీ నోటితోనే చెప్పండి. నేను చెప్పేసరికి రెండు వేళ్లు పోయాయి.