కొత్త గౌను వద్దన్న రాజవ్వ

పక్కింట్లోంచి నిన్న తడి తునికాకు వాసన వచ్చింది. బీడీలు చేసేవాళ్లు ఆకు మీద నీళ్లు చల్లి గోనెసంచిలో చుట్టిపెడతారు, మెత్తబడితే గానీ కత్తెరకు లొంగదు. ఆ వాసన తగిలితే నాకు ముందు రాజవ్వ ఒడిలోని చాట గుర్తొస్తుంది. ఆ వెనకే సిగ్గు వస్తుంది.

ధర్మపురిలో మా ఇద్దరి ఇళ్లకూ ఒకటే గోడ. రాజవ్వ పొద్దుమూకే దాకా అరుగు మీద బీడీలు చేసేది. నా బిడ్డ సింధుకు అప్పుడు నాలుగేళ్లు. అమ్మా అని ఒక్కసారి అనలేదు. పిలిస్తే తిరిగి చూడదు. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకునేది. రాజవ్వ అరుగు మీద మాత్రం నెమ్మదిగా ఉండేది. కత్తిరించి పడేసిన ఆకు ముక్కలను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్చేది. ఎవరైనా ఒక్క ముక్క జరిపితే వాడకట్టంతా వినపడేలా ఏడుపు. "వాళ్ల నాయినకు గూడ అయిదేండ్లకే మాటలొచ్చినయి" అనేది మా అత్త. నేనూ ఆ మాటే పట్టుకుని కాలం గడిపాను.

అంగన్‌వాడీ టీచర్ పట్టుబడితే కరీంనగర్‌లో ఒక పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరీక్షకు తీసుకుపోయాను. నేను చదివింది ఐదో తరగతి. పరీక్ష అంటే పాస్ కావాలనే తెలుసు. పిల్లకు కొత్త గౌను తొడిగాను, రెండు జడలకు రిబ్బన్లు కట్టాను. డాక్టరమ్మ కాగితం చూస్తూ ఒక్కొక్కటే అడిగింది. పేరు పెట్టి పిలిస్తే చూస్తదా? చూస్తది మేడం. కావాల్సింది వేలుతో చూపిస్తదా? చూపిస్తది. తోటి పిల్లలతో ఆడుతదా? మస్తు ఆడుతది. సింధు ఆ పొద్దు ఏడవకుండా ఫ్యాన్‌నే చూస్తూ కూర్చుంది. డాక్టరమ్మ పిల్లనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఆరు నెలలకు మళ్లీ తప్పకుండా తీసుకురా" అన్నది. గెలిచినట్టు బస్సెక్కాను.

గొప్పగా రాజవ్వకు చెప్పాను. బీడీకి దారం చుడుతున్న చెయ్యి ఆగింది.

"దవాఖానకు వోయినవా, పెండ్లిచూపులకు వోయినవా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా తమ్ముడు గిట్లనే ఉండె బిడ్డా. ఎవలన్న చుట్టాలస్తే ఆన్ని లోపటి అర్రల మంచం కోడుకు కట్టేసేటోళ్లం. గట్లనే ముప్పై ఏండ్లు బతికి పోయిండు. ఆనికి ఏమైండెనో నాకు ఇప్పటికీ తెల్వది."

అయినా నేను వెంటనే కదల్లేదు. చెప్పిన అబద్ధం ఒప్పుకోవాలంటే ముఖం చెల్లలేదు. ఆరు నెలలు కాస్తా ఏడాదయింది. చివరికి రాజవ్వే ఒకరోజు పని మానుకుని మమ్మల్ని కరీంనగర్‌కు బయల్దేరదీసింది. నేను మళ్లీ ఆ గౌనే తీశాను.

"గా గౌను పెట్టెల వెట్టు. దినాం తొడిగేదే తొడుగు."

డాక్టరమ్మ అవే ప్రశ్నలు మొదలుపెట్టింది. పిలిస్తే చూస్తదా? "చూస్త..." అనబోయాను. బల్ల కింద రాజవ్వ చెయ్యి నా మోకాలిని గట్టిగా నొక్కింది.

"చూడది మేడం," అన్నది తనే. "తల గోడకు కొట్టుకుంటది. ఈమె చెయ్యి అడ్డం వెడితే కొరుకుతది. చూపెట్టు బిడ్డా."

కొంగు కింద దాచిన చెయ్యి బయటికి తీశాను.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు పిల్లను చూసి, ఆటిజం అని రాసిచ్చారు. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. "పోయినేడే తెలిస్తే నేర్పించడం అప్పుడే మొదలుపెట్టేవాళ్లం" అన్నది, అంతే. తిడితే బాగుండేది. తిరుగు బస్సులో జగిత్యాల దాకా ఏడుస్తూనే ఉన్నాను. రాజవ్వ ఊరుకోమనలేదు.

"ఏడ్వు. నీకు గా పేరన్న దొరికింది."

దమ్ము జబ్బుతో రాజవ్వ పోయి ఏడాది దాటింది. సింధుకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. నీళ్లు అంటుంది, వద్దు అంటుంది. అమ్మా అని ఇంకా అనలేదు. మొన్న దవాఖానలో, తన జడ తను వేసుకుంటదా అని అడిగారు. నా నోటికి ఇప్పటికీ ముందు అబద్ధమే వస్తుంది. బల్ల కింద నా మోకాలిని నేనే గట్టిగా నొక్కుకున్నాను.

"రాదు మేడం" అన్నాను.