నీటిగుర్రం దగ్గు

నా పరువు పంజాగుట్టలో పోయింది. మా ఇల్లున్న అమీర్‌పేట్‌కి అది మెట్రోలో ఒక్క స్టేషన్. అంత దగ్గర్లో పోయింది కాబట్టి ఎప్పటికైనా దొరుకుతుందని కొన్నాళ్లు ఆశపడ్డాను. దొరకలేదు. ఎలా పోయిందో చెబుతాను, వినండి. మీరు నవ్వుతారని నాకు తెలుసు. మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరు కూడా కలిస్తే నాకు కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు.

అప్పటికి నేను ఇంజనీరింగ్ పూర్తి చేసి, సినిమాల్లో పాటలు పాడతానని ఇంట్లో కూర్చున్నాను. మైత్రీవనానికి రెండు సందుల అవతల కాపురం ఉంటూ పాటలు పాడతాననడానికి చాలా గుండె కావాలి. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పిల్లలు సూట్‌కేసులు మోసుకుంటూ మా వీధికి వచ్చి, కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని, ఉద్యోగాలు కొట్టుకుపోతుండేవారు. మా నాన్నగారు బాల్కనీలో నిలబడి వాళ్లందర్నీ చూసి, ఆ తర్వాత లోపలికి తిరిగి నన్ను చూసేవారు. ఆయన తెనాలి నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడిన ఇన్సూరెన్స్ ఆఫీసరు. మాట తక్కువ మనిషి. ఆ చూపుకే నేను పాట మధ్యలో ఆపేసేవాణ్ని.

ఒకరోజు భోజనాల దగ్గర ఆయన నోరు విప్పారు.

"ఏంట్రా రవీ, నీ గొంతు నేను సినిమా హాల్లో వినేదెప్పుడు?"

"ప్రయత్నాలు చేస్తున్నాను నాన్నగారూ."

"దసరా దాకా చెయ్యి. ఈలోగా ఒక్క పాట హాల్లో నా చెవిన పడితే ఇక నిన్ను ఏమీ అడగను. పడకపోతే మైత్రీవనంలో టెస్టింగ్ కోర్సు."

అమ్మ నా కంచంలో ఇంకో గరిటెడు పప్పు వేసింది. మా ఇంట్లో సానుభూతి అలాగే చూపిస్తారు.

దసరా ముంచుకొస్తుండగా కృష్ణానగర్ నుంచి యాదగిరన్న ఫోన్ చేశాడు. పరాయి భాషల సినిమాలకు తెలుగు మాటలు, పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోలో ఆయన సౌండ్ ఇంజనీరు. నీళ్లంటే భయపడే ఒక నీటిగుర్రం కథతో ఏదో బొమ్మల సినిమా వస్తోందట. సినిమా అయిపోయాక పేర్లు పడేటప్పుడు ఒక హుషారు పాట ఉందట. దానికి నన్ను ట్రాక్ పాడమన్నాడు.

ట్రాక్ అంటే మీకు చెప్పాలి. పెద్ద సింగర్ వచ్చి పాడేదాకా, పాట ఎలా ఉంటుందో తెలియడానికి నాలాంటివాడితో పాడించి పెట్టుకుంటారు. ఆయన వచ్చి పాడాక మా గొంతు తీసేస్తారు. ఈ సంగతి కృష్ణానగర్‌లో టీ కొట్లవాళ్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసే మునిగాను.

"భయమా భయమా పోవే పో" అని ప్రాణం పెట్టి పాడాను. చివర్లో నీటిగుర్రం ధైర్యంగా చెరువులో దూకితే ముక్కులోకి నీళ్లు పోయి దగ్గుతుంది.

"గా దగ్గు సుత నువ్వే దగ్గెయ్ అన్న, గంత దానికి ఇంకొకర్ని ఏం పిలుస్తం," అన్నాడు యాదగిరన్న.

దగ్గాను. అది విని ఆయన అద్దం వెనక నుంచి బొటనవేలు పైకెత్తాడు. పాటకు ఎత్తలేదు. ఆ సూచన నాకప్పుడు అందలేదు.

బయటికొచ్చి అడిగాను. "అన్నా, నా గొంతు ఉంచుతారంటావా?"

"నాకెట్ల తెల్వాలె అన్న. అయినా పేర్లు పడేటప్పుడు పాట ఎవడింటడు? గప్పుడు అందరు చెప్పులు ఎతుక్కుంటుంటరు. రిలీజ్‌కు ముందు ఒకసారి ఫోన్ కొట్టు, చెప్త."

ఇంటికి నడుస్తూ నేను చేసిన ఆలోచన ఇది. ఎవడూ వినని పాటకు పెద్ద సింగర్‌ని ఎవరు పిలుస్తారు? పిలవరు. కాబట్టి నా గొంతే ఉంటుంది. ఎంత చక్కటి తర్కమో చూశారా? ఫోన్ మాత్రం చేయలేదు. చేస్తే లేదంటాడేమోనని భయం. పాట నిండా భయాన్ని పొమ్మని అరిచినవాణ్ని, ఫోన్ తీసి ఒక్క నంబరు నొక్కలేకపోయాను.

ఫోన్ చేయకపోతే చేయకపోయాను, నోరైనా మూసుకోవాలి కదా. మూసుకోలేదు. నాన్నగారితో చెప్పాను. అమ్మతో చెప్పాను. అమ్మతో చెప్పడమంటే అపార్ట్‌మెంట్ అంతటికీ చెప్పడం. దసరా సెలవులు మొదలైన ఆదివారం, మా అపార్ట్‌మెంట్ ఆడామగా పిల్లాజెల్లా కలిసి పంజాగుట్టలో ఒక మాల్‌లోని హాలుకి పెళ్లికి తరలినట్టు తరలారు. నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. అది చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఆయన నా కోసం ఇస్త్రీ చొక్కా వేసుకోవడం ఇంజనీరింగ్ సీటు వచ్చిన తర్వాత అదే మొదలు.

సినిమా నడిచినంతసేపూ నాకు ఒకటే దిగులు. జనం లేచిపోతే ఎలా? నీటిగుర్రం తల్లిని కలుసుకుంది, తెర నల్లబడింది, పేర్లు మొదలయ్యాయి. హాలంతా ఒక్కసారిగా లేచింది. నేను పరుగెత్తి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"దయచేసి ఎవరూ వెళ్లకండి. అసలు పాట ఇప్పుడే వస్తుంది. పాడింది మన అమీర్‌పేట్ కుర్రాడు."

"ఎవరండీ ఆ కుర్రాడు?" అన్నారెవరో.

"నేనేనండి."

హాలు సెక్యూరిటీ అతను వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "అన్న, పిల్లగాండ్లు బాత్రూంకు పోవాల్నంటున్నరు. జర తలుపు ఇడువు."

"ఒక్క పాట భాయ్. మా నాన్నగారు వినాలి."

"మీ నాన్న ఇంటే ఇననియ్. గీళ్లందరు ఏం పాపం చేసిన్రు?"

నేను కదల్లేదు. మా అపార్ట్‌మెంట్ వాళ్లు నన్ను చూసి జాలిపడి కూర్చున్నారు. వాళ్లను చూసి మిగతావాళ్లూ కూర్చున్నారు. పాట మొదలైంది.

గొంతు నాది కాదు. తెలుగువాళ్లందరూ నిద్రలో కూడా గుర్తుపట్టే గొంతు. నేను అంత కష్టపడి ఎక్కిన పైస్థాయి మెట్టుని ఆ పెద్ద సింగర్ మేడ మీదికి బట్టలారేయడానికి వెళ్లినట్టు ఎక్కేశాడు. అమ్మ వెనక్కి తిరిగి నావైపు చూసింది. ముఖం వెలిగిపోతోంది.

"ఎంత బాగా పాడావురా. అసలు నీ గొంతే కానట్టుంది."

తలుపు దగ్గర చతికిలబడి యాదగిరన్నకు ఫోన్ చేశాను. చేయవలసిన సమయం దాటాక ఫోన్లు చేయడంలో నాకు మంచి అనుభవం ఉంది.

"అన్నా, నా గొంతేది?"

"నువ్వు ఫోన్ కొట్టకపోతివి. పెద్దాయన మొన్న వచ్చి పాడి పోయిండు."

"పేర్లు పడేటప్పుడు పాట ఎవడూ వినడన్నావుగా?"

"ఎవడింటడు? నువ్వేమన్న కూసోబెట్టినవా ఏంది?"

ఆయనే జాలిపడి అన్నాడు. "ఫికర్ చేయకన్న. ఆఖర్ల దగ్గు నీదే ఉంచిన. గంత పెద్దాయనను పట్టుకొని దగ్గమంటమా?"

ఇప్పుడు నా పరిస్థితి ఊహించండి. నాన్నగారి చెవిన పడబోయే నా గొంతు అదొక్కటే. అది పడకముందే హాలు ఖాళీ చేయించాలి. గబుక్కున లేచి తలుపులు బార్లా తీశాను.

"పదండి పదండి, అయిపోయింది. పిల్లలకు బాత్రూం అన్నారుగా, తీసుకెళ్లండి."

ఒక్కరూ లేవలేదు. "ఉండు నాయనా, పాట బాగుంది," అంది ఒక పెద్దావిడ. పిల్లలు సీట్ల మధ్య గంతులేస్తున్నారు. సెక్యూరిటీ అతను సైతం గోడకు చేరబడి తలూపుతున్నాడు. నేను నాన్నగారి దగ్గరికి పరుగెత్తాను.

"వెళ్దాం నాన్నగారూ, మెట్రోలో రద్దీ అవుతుంది."

"కూర్చో. పాట వినడానికే వచ్చాను, మొత్తం వింటాను."

పాట ఆగింది. హాలంతా నిశ్శబ్దం. తెర మీద నీటిగుర్రం చెరువులో దూకింది. ఆపైన నాలుగు పక్కల స్పీకర్లలోంచి, అమీర్‌పేట్ నుంచి పంజాగుట్ట దాకా వినిపించేలా, నేను దగ్గాను.

నాన్నగారు తల పైకెత్తారు. చుట్టూ ఉన్నవాళ్లకు కూడా వినబడేటట్టు, నిదానంగా అన్నారు. "పాట మావాడిది కాదు. ఆ దగ్గు మాత్రం మావాడిదే. చిన్నప్పుడు నేను లెక్కల పుస్తకం తీసినప్పుడల్లా సరిగ్గా ఇలాగే దగ్గేవాడు."

భూమి చీలితే బాగుండుననిపించింది. మాల్‌లో నాలుగో అంతస్తు కావడం వల్ల ఆ సౌకర్యం కూడా లేకపోయింది. మా అపార్ట్‌మెంట్ వాళ్లు చప్పట్లు కొట్టారు. అవి దగ్గుకేనని నాకు తెలుసు.

తిరుగు ప్రయాణంలో అందరం మెట్రో ఎక్కాం. తలుపులు మూసుకున్నాక అమ్మే మెల్లగా అందుకుంది. "ఏవండీ, దగ్గు కూడా గొంతులోంచేగా వచ్చేది. హాల్లో వాడి గొంతు వినిపిస్తే చాలన్నారు మీరు."

నాన్నగారు న్యాయమైన మనిషి. ఆలోచనలో పడ్డారు. రైలు కదిలింది. నా జీవితమంతా ఆ ఒక్క స్టేషన్ దూరంలో ఆయన నోటి దగ్గర వేలాడుతోంది. నిజం చెప్పాలంటే, దగ్గు లెక్కలోకి రావాలని నేను దేవుడికి మొక్కుకున్నాను. ఒక గాయకుడు అంత దిగజారి మొక్కుకున్న మొక్కు ఇంకొకటి ఉండదు.

అమీర్‌పేట్ వచ్చింది. నాన్నగారు దిగి, చొక్కా సర్దుకుని, తీర్పు చెప్పారు.

"మీ అమ్మ చెప్పిందీ నిజమే. పొద్దున కోర్సుకి వెళ్లు. సాయంత్రాలు దగ్గుకో."

అదే జరిగింది. టెస్టింగ్ నేర్చుకున్నాను, ఉద్యోగం వచ్చింది. సాయంత్రాలు కృష్ణానగర్ నుంచి పిలుస్తూనే ఉన్నారు. ఎలుగుబంటి తుమ్ము, డ్రాగన్ ఎక్కిళ్లు, ముసలి తాబేలు ఆవలింత, అన్నీ నావే. పాటకు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ పిలవలేదు. మా లిఫ్టులో కొత్తవాళ్లకు నన్ను "దగ్గబ్బాయి" అని పరిచయం చేస్తారు. నా పేరు రవి అని నాన్నగారు కూడా ఈమధ్య మరిచిపోతున్నట్టున్నారు.

అందుకని ఆ నీటిగుర్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ నా గొంతు వినమని ఎవరికీ అడ్డం నిలబడను. మీరు ఎప్పుడైనా పిల్లల సినిమాకు వెళ్లి, పేర్లు పడుతుంటే చెప్పులు వెతుక్కునేటప్పుడు వెనక నుంచి ఏ జంతువో దగ్గితే, ఆగకండి. నేనే. మీరు హాయిగా వెళ్లిపోండి, తలుపులు తీసే ఉంటాయి.